రొమ్ము క్యాన్సర్ – శస్త్రచికిత్స అనంతర పునరావృతి: ప్రమాద కారకాల పరిశీలన (గండికోట పరిసర ప్రాంతం నేపథ్యంగా)

వ్యాససంగ్రహం:

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన తరువాత కొందరిలో వ్యాధి తిరిగి కనిపిస్తుంది. దీనినే పునరావృతి అంటారు. పునరావృతికి దారితీసే కారకాలలో కొన్ని కణితి స్వభావానికి సంబంధించినవి. వాటిని మార్చడం రోగి చేతిలో గాని వైద్యుని చేతిలో గాని లేదు. మరికొన్ని చికిత్స సంపూర్ణతకు సంబంధించినవి. వీటిని చాలావరకు మార్చవచ్చు. ఈ రెండు వర్గాలను వేరుచేసి చూపడం, రెండవ వర్గం కడప జిల్లాలోని గండికోట పరిసరాలైన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల స్త్రీల విషయంలో ఎందుకు ముఖ్యమో వివరించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం.

కీలకపదాలు: రొమ్ము క్యాన్సర్, పునరావృతి, వ్యాధిశేషం, చికిత్సాశేషం, రేడియోథెరపీ, హార్మోను చికిత్స, గండికోట, కడప జిల్లా.

1. ఉపోద్ఘాతం:

భారతీయ స్త్రీలలో నేడు అత్యధికంగా కనిపిస్తున్న క్యాన్సర్ రొమ్ము క్యాన్సర్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి వేసిన అంచనాల ప్రకారం మన దేశంలో సుమారు 1,92,000 మంది కొత్తగా ఈ వ్యాధి బారిన పడ్డారు. సుమారు 98,000 మంది మరణించారు. జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం 2020లో వెలువరించిన నివేదికలో, వయోసర్దుబాటు చేసిన రొమ్ము క్యాన్సర్ రేటు హైదరాబాదులో లక్ష మంది స్త్రీలకు 48గా నమోదైంది. దేశంలోని నమోదు కేంద్రాలన్నింటిలో అదే అత్యధికం. తెలుగువారికి ఇది దూరపు సమస్య కాదని చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

వ్యాధిని గుర్తించడం గురించి, గడ్డను స్వయంగా పరీక్షించుకోవడం గురించి తెలుగులో కొంత సాహిత్యం ఉంది. శస్త్రచికిత్స తరువాతి కాలాన్ని గురించి ఉన్నది తక్కువ. "ఆపరేషన్ అయిపోయింది, గడ్డ తీసేశారు" అన్న మాటతో కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. వైద్యశాస్త్రం దృష్టిలో అది చికిత్సలో ఒక ఘట్టం మాత్రమే. ఈ రెండు అవగాహనల మధ్య ఉన్న ఎడమే పునరావృతి చర్చకు ప్రారంభస్థానం.

2. పునరావృతి – పదం, భావన:

జ్వరమైనా, మరో జబ్బైనా తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడాన్ని తెలుగులో 'తిరగబెట్టడం' అంటారు. ఈ మాట వెనుక ఒక లోకవిశ్వాసం ఉంది: రోగి పథ్యం తప్పితేనే జబ్బు తిరగబెడుతుందని. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఈ విశ్వాసం హాని చేస్తుంది. వ్యాధి తిరిగి వచ్చిన స్త్రీని "ఏం తిన్నావు, ఏం చేశావు" అని ప్రశ్నించే వాతావరణం ఏర్పడుతుంది. అందుకే ఈ వ్యాసంలో దోషారోపణ ధ్వని లేని 'పునరావృతి' అన్న పదాన్ని స్వీకరించడమైంది.

పునరావృతి మూడు విధాలు. శస్త్రచికిత్స జరిగిన రొమ్ములోనో, రొమ్ము తొలగించిన చోట ఛాతీగోడ మీదనో, మచ్చ వెంబడో కనిపించేది స్థానిక పునరావృతి. చంకలోని, మెడ ఎముకకు పైన లేదా కింద ఉన్న శోషరస గ్రంథులలో కనిపించేది ప్రాంతీయ పునరావృతి. ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు వంటి అవయవాలలో కనిపించేది దూరస్థ పునరావృతి. మొదటి రెండింటిని అనేక సందర్భాలలో సంపూర్ణ నివారణ లక్ష్యంగా మళ్లీ చికిత్స చేయవచ్చు. మూడవదానిలో వ్యాధిని అదుపులో ఉంచి ఆయుర్దాయాన్ని, జీవన నాణ్యతను పెంచడం లక్ష్యమవుతుంది. రెండవ రొమ్ములో వచ్చే క్యాన్సర్ సాధారణంగా పునరావృతి కాదు. అది కొత్తగా పుట్టిన వ్యాధి.

3. 'శేషం' అన్న భావన – ప్రాచీనం నుంచి ఆధునికం వరకు:

ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచరాదన్న నానుడి తెలుగువారికి సుపరిచితం. సుశ్రుత సంహిత చికిత్సాస్థానం అర్బుదాల విషయంలో ఇదే భావాన్ని చెప్పింది. దోషశేషం మిగిలితే అర్బుదం త్వరలోనే మళ్లీ పుడుతుందని, ఆరకుండా మిగిలిన నిప్పులా అది చంపుతుందని, కనుక నిశ్శేషంగా తొలగించాలని దాని సారాంశం. అర్బుదం పుట్టిన చోటనే మళ్లీ పుట్టేదానిని సుశ్రుతుడు 'అధ్యర్బుదం' అని ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

పంతొమ్మిదో శతాబ్ది చివర అమెరికా శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ దాదాపు ఇదే తర్కంతో రొమ్మును, ఛాతీ కండరాలను, చంక గ్రంథులను కలిపి తొలగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. కోత ఎంత విస్తారమైతే శేషం అంత తక్కువన్నది అప్పటి నమ్మకం. అంతకు ముందే, 1889లో, ఇంగ్లండు వైద్యుడు స్టీఫెన్ పేజెట్ మరో మార్గం సూచించాడు. రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలను పరిశీలించి, వ్యాధి కొన్ని అవయవాలనే ఎంచుకున్నట్టుగా చేరడం గమనించాడు. విత్తనం అన్ని వైపులా చెదిరినా అనుకూలమైన నేలలోనే మొలకెత్తుతుందన్నది ఆయన సిద్ధాంతం. అదును వచ్చేదాకా విత్తనం నేలలో నిద్రించగలదని తెలిసిన సేద్యగాళ్ల ప్రాంతానికి ఈ ఉపమానాన్ని విడమరచి చెప్పనక్కర లేదు.

ఈ రెండు దృక్పథాల మధ్య వివాదాన్ని తేల్చినవి బెర్నార్డ్ ఫిషర్ అమెరికాలోను, ఉంబెర్టో వెరొనేసి ఇటలీలోను నడిపిన పరీక్షలు. ఇరవై ఏళ్ల ఫలితాలు 2002లో వెలువడ్డాయి. రొమ్ము మొత్తం తీసినా, గడ్డను మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుర్దాయంలో తేడా లేదని అవి నిరూపించాయి. అంటే ప్రాణాన్ని నిర్ణయించే శేషం చాలాసార్లు కత్తికి అందేచోట లేదు. శస్త్రచికిత్సకు ముందే రక్తం, శోషరసం ద్వారా వెళ్లిపోయి, పరీక్షలకు అందనంత సూక్ష్మంగా దాగిన కణాలలో అది ఉంది. వాటిని ఉద్దేశించినవే కీమోథెరపీ, హార్మోను చికిత్స, లక్ష్యనిర్దేశిత చికిత్స.

4. పునరావృతి కాలక్రమం:

పునరావృతి ఎప్పుడు వస్తుందన్నది కణితి రకాన్ని బట్టి మారుతుంది. ఈస్ట్రోజెన్ గ్రాహకం, ప్రొజెస్టెరాన్ గ్రాహకం, హెర్–2 అనే మూడూ లేని కణితులను త్రివిధ ప్రతికూల కణితులు అంటారు. వీటిలో పునరావృతి ప్రమాదం మొదటి మూడేళ్లలో అధికం. ఐదేళ్లు దాటాక బాగా తగ్గుతుంది. హార్మోను గ్రాహకాలు ఉన్న కణితుల తీరు వేరు. తొలి సంవత్సరాలలో ప్రమాదం తక్కువగా కనిపించినా అది దశాబ్దాల పాటు కొనసాగుతుంది.

ఈ విషయంలో 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ విశ్లేషణ ముఖ్యమైనది. ఐదేళ్ల హార్మోను చికిత్స పూర్తిచేసి, అప్పటికి వ్యాధి లేని 62,923 మంది స్త్రీల వివరాలను అందులో పరిశీలించారు. కణితి 2 సెంటీమీటర్ల లోపు ఉండి చంక గ్రంథులకు పాకనివారిలో సైతం, ఐదవ ఏటి నుంచి ఇరవయ్యవ ఏటి వరకు దూరస్థ పునరావృతి ప్రమాదం 13 శాతంగా తేలింది. కణితి 2 సెంటీమీటర్లు దాటి, నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు పాకినవారిలో అది 41 శాతం. ఐదేళ్లు గడిస్తే గండం గడిచినట్టేనన్న అభిప్రాయం ఈ రకం కణితులకు వర్తించదు.

5. మార్చలేని ప్రమాద కారకాలు:

వ్యాధి నిర్ధారణ జరిగే నాటికే స్థిరపడి ఉండే కారకాలు ఇవి.

అ) శోషరస గ్రంథుల స్థితి: చంకలోని ఎన్ని గ్రంథులకు వ్యాధి పాకిందన్నది అత్యంత బలమైన సూచికలలో ఒకటి. గ్రంథుల సంఖ్య పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

ఆ) కణితి పరిమాణం, దశ: గడ్డ పెద్దదైనా, చర్మానికో ఛాతీగోడకో అంటుకున్నా ప్రమాదం ఎక్కువ. భారతదేశంలో సగానికి పైగా రోగులు స్థానికంగా ముదిరిన దశలోనే ఆసుపత్రికి చేరుతున్నారని జాతీయ నమోదు నివేదిక చెబుతోంది.

ఇ) కణితి శ్రేణి: కణాలు సహజ రూపానికి ఎంత దూరమైతే శ్రేణి అంత ఎక్కువ. మూడవ శ్రేణి కణితులు వేగంగా పెరుగుతాయి. కణితి చుట్టూ ఉన్న సూక్ష్మ రక్తనాళాలలో, శోషరస నాళాలలో కణాలు కనిపించడం కూడా ప్రతికూల సూచనే.

ఈ) గ్రాహకాల స్థితి: త్రివిధ ప్రతికూల కణితులకు హార్మోను చికిత్స గాని, హెర్–2 మందులు గాని పనిచేయవు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే భారతీయ స్త్రీలలో ఈ రకం నిష్పత్తి ఎక్కువగా కనిపిస్తోంది.

ఉ) వయస్సు, వంశపారంపర్యం: 40 ఏళ్ల లోపు వ్యాధి వచ్చినవారిలో పునరావృతి ప్రమాదం ఎక్కువ. బీఆర్‌సీఏ జన్యుమార్పులు ఉన్నవారిలో రెండవ రొమ్ములోను, అండాశయాలలోను కొత్త క్యాన్సర్ వచ్చే ప్రమాదం అధికం.

ఈ జాబితాలో ఏ ఒక్కటీ స్త్రీ చేసిన తప్పు కాదు. వీటిని తెలుసుకోవడం వల్ల ప్రయోజనం ఒక్కటే: ఎవరికి ఎంత చికిత్స అవసరమో నిర్ణయించడం.

6. మార్చగలిగిన ప్రమాద కారకాలు:

శరీరంలో మిగిలేది వ్యాధిశేషమైతే, ఇవ్వవలసి ఉండి ఇవ్వకుండా మిగిలిపోయేదానిని 'చికిత్సాశేషం' అనవచ్చు. మార్చగలిగిన కారకాలన్నీ ప్రధానంగా ఈ రెండవ శేషానికి చెందినవే.

6.1 శస్త్రచికిత్స నాణ్యత: రొమ్మును నిలిపి గడ్డను తీసినప్పుడు, తీసిన భాగం అంచులలో క్యాన్సర్ కణాలు ఉండకూడదు. ఉంటే స్థానిక పునరావృతి ప్రమాదం సుమారు రెట్టింపవుతుంది. కాబట్టి తీసిన ప్రతి గడ్డనూ పాథాలజీ పరీక్షకు పంపి తీరాలి. పరీక్షకు పంపకుండా గడ్డను పారవేస్తే దశ, శ్రేణి, గ్రాహకాలు, అంచులు ఏవీ తెలియవు. తరువాతి చికిత్స అంతా చీకటిలో నడక అవుతుంది. శస్త్రచికిత్స ఘడియకు సంబంధించి ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి ఆధ్వర్యంలో జరిగిన ఒక పరిశోధన గమనార్హం. కోతకు 7 నుంచి 10 నిమిషాల ముందు కణితి చుట్టూ లిడోకెయిన్ మత్తుమందు ఎక్కించిన స్త్రీలలో, ఐదేళ్లు వ్యాధి లేకుండా జీవించినవారు 86.6 శాతం, ఎక్కించనివారిలో 82.6 శాతం. దేశంలోని 11 కేంద్రాలలో సుమారు 1,600 మందిపై జరిగిన ఈ అధ్యయనం 2023లో ప్రచురితమైంది.

6.2 రేడియోథెరపీ: గడ్డను మాత్రమే తీసిన స్త్రీలలో రేడియేషన్ లేకపోతే పదేళ్లలో ఏదో ఒక రూపంలో పునరావృతి ప్రమాదం 35 శాతం, రేడియేషన్ ఇస్తే 19.3 శాతం. 17 పరీక్షలలోని 10,801 మంది వివరాలతో 2011లో వచ్చిన ఫలితమిది. రొమ్ము మొత్తం తీసేశారు కనుక రేడియేషన్ అక్కర లేదన్న భావన కూడా అందరికీ సరిపడదు. రొమ్ము మొత్తం తొలగించి, ఒకటి నుంచి మూడు గ్రంథులకు వ్యాధి పాకినట్టు తేలిన స్త్రీలలో, పదేళ్లలో ఛాతీగోడ మీద, గ్రంథులలో పునరావృతి రేడియేషన్ లేనప్పుడు 20.3 శాతం, ఉన్నప్పుడు 3.8 శాతం అని 2014లో వెలువడిన విశ్లేషణ చూపింది.

6.3 కీమోథెరపీ, హెర్–2 చికిత్స: కీమోథెరపీని నిర్ణీత వ్యవధులలో, నిర్ణీత మోతాదులో పూర్తిచేయడం అవసరం. హెర్–2 ఉన్న కణితులలో ఏడాది పాటు ట్రాస్టుజుమాబ్ ఇస్తే పునరావృతి దాదాపు సగానికి తగ్గుతుందని 2005లో తేలింది. ఇది ఖరీదైన మందు కావడం వల్ల మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ.

6.4 హార్మోను చికిత్స: హార్మోను గ్రాహకాలు ఉన్నవారు టామోక్సిఫెన్ మాత్రను ఐదేళ్లు వాడితే తొలి ఐదేళ్లలో పునరావృతి దాదాపు సగానికి, పదిహేనేళ్ల కాలంలో ఈ వ్యాధి వల్ల మరణాలు సుమారు మూడింట ఒక వంతు మేరకు తగ్గుతాయి. పదేళ్లకు పొడిగిస్తే అదనపు మేలు ఉందని 2013లో వెలువడిన 'అట్లాస్' పరీక్ష తేల్చింది. ముట్లుడిగిన స్త్రీలకు లెట్రొజోల్, అనస్ట్రొజోల్ వంటి మందులు వాడతారు. టామోక్సిఫెన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్న, తక్కువ ధరకు దొరికే మాత్ర. అయినా దానిని మధ్యలో ఆపేసేవారు అన్ని దేశాలలోను ఉన్నారు. ఉత్తర కాలిఫోర్నియాలో 8,769 మందిపై జరిగి 2010లో ప్రచురితమైన అధ్యయనంలో, హార్మోను చికిత్సను పూర్తి కాలం క్రమంగా వాడినవారు 49 శాతం మాత్రమే. కాబట్టి దీనిని కేవలం పల్లె అజ్ఞానంగా చూడటం అన్యాయం. ఒంట్లో ఆవిర్లు, కీళ్ల నొప్పులు, ఆరోగ్యంగా ఉన్నప్పుడు మందెందుకన్న సందేహం దీనికి కారణాలు. దుష్ఫలితాల గురించి వైద్యునితో చెబితే మందు మార్చే వీలుంటుంది. చెప్పకుండా ఆపితే ఆ వీలు పోతుంది.

6.5 జీవనశైలి: స్థూలకాయం, వ్యాయామ లోపం, మద్యపానం పునరావృతి ప్రమాదంతో ముడిపడి ఉన్నాయి. బరువును అదుపులో ఉంచుకోవడం, రోజూ నడవడం మేలు. ఇవి చికిత్సకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కావు. వంకాయ, గోంగూర వంటివి తినడం వల్ల వ్యాధి తిరగబెడుతుందనడానికి ఆధారం లేదు.

7. గండికోట పరిసరాలలో చికిత్సాశేషం:

పెన్నానది ఎర్రమల కొండలను చీల్చిన లోయ అంచున గండికోట ఉంది. దాని చుట్టూ ఉన్న పల్లెలకు జమ్మలమడుగు దగ్గరి పట్టణం. చేనేతకు, బంగారు వ్యాపారానికి ప్రసిద్ధమైన ప్రొద్దుటూరు, చీనీ తోటల పులివెందుల ఈ ప్రాంతపు మిగతా కేంద్రాలు. వైద్యం ఈ ప్రాంతానికి కొత్త కాదు. లండన్ మిషన్ నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి జమ్మలమడుగులో 1890ల నాటి నుంచి ఉన్న సంస్థ. జిల్లా కేంద్రం కడపలో రాజీవ్‌గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ 2006లో ఏర్పడింది.

క్యాన్సర్ చికిత్స అంతా ఒకే కప్పు కింద దొరకాలంటే మాత్రం చాలాకాలంగా ఈ ప్రాంతీయులు తిరుపతి, కర్నూలు, హైదరాబాదు, వేలూరు, చెన్నైల వైపు చూడవలసి వచ్చింది. ఇవన్నీ వంద కిలోమీటర్లకు పైబడిన దూరాలే. తిరుపతిలో స్విమ్స్, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి, చెన్నైలో ముత్తులక్ష్మీరెడ్డి 1954లో స్థాపించిన అడయారు క్యాన్సర్ సంస్థ ఇందులో ముఖ్యమైనవి.

పులివెందుల శాసనసభ్యుడు, నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, నేటి ఎన్.టి.ఆర్. వైద్యసేవ, క్యాన్సర్ శస్త్రచికిత్సతో పాటు కీమోథెరపీ, రేడియోథెరపీల ఖర్చును భరిస్తుంది. పేద కుటుంబాలకు ఇది గొప్ప ఆసరా. అయితే ఆసుపత్రి బిల్లు ఒక్కటే ఖర్చు కాదు. వారాల తరబడి పరాయి ఊరిలో బస, తోడు వచ్చినవారి కూలి నష్టం, ఆగిపోయిన మగ్గం, అదును తప్పిన సేద్యం, ఇంట్లో పిల్లల చదువు ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. శస్త్రచికిత్స ఒక్క ప్రయాణంతో ముగుస్తుంది. రేడియేషన్‌కు వారానికి ఐదు రోజులు హాజరు కావాలి. హార్మోను మాత్రకు ఏళ్ల తరబడి క్రమం కావాలి. ఆపరేషన్ అయ్యాక మిగతాది ఆగిపోయే అవకాశం ఇక్కడే పుడుతుంది.

దూరం అనే ఈ కారకాన్ని తగ్గించే మార్గాలు వైద్యశాస్త్రం ఇప్పటికే చూపింది. పూర్వం ఐదు వారాలలో 25 విడతలుగా ఇచ్చిన రేడియేషన్‌ను మూడు వారాలలో 15 విడతలుగా ఇచ్చినా ఫలితం తగ్గదని బ్రిటన్ పరీక్షల పదేళ్ల ఫలితాలు 2013లో నిరూపించాయి. ఎంపిక చేసిన రోగులలో ఒకే వారంలో ఐదు విడతలు కూడా చాలునని, 4,096 మందిపై జరిగిన 'ఫాస్ట్–ఫార్వర్డ్' పరీక్ష 2020లో తెలిపింది. ఏ పద్ధతి ఎవరికి తగినదో రేడియేషన్ వైద్యుడే నిర్ణయించాలి. కాని తక్కువ విడతల పద్ధతి తనకు కుదురుతుందా అని అడిగే హక్కు జమ్మలమడుగు నుంచి వెళ్లిన స్త్రీకి ఉంది. అలాగే కీమోథెరపీ మొదలుపెట్టిన కేంద్రం సలహాతో, మాత్రలను సొంత ఊరిలోనే క్రమంగా పొందే ఏర్పాటు చేసుకోవచ్చు.

మరో ముఖ్య విషయం కాగితాలు. పాథాలజీ నివేదిక, గ్రాహకాల నివేదిక, ఆపరేషన్ వివరాలు, ఇచ్చిన మందుల పట్టిక ఈ నాలుగింటి నకళ్లు ఇంట్లో భద్రంగా ఉండాలి. పదేళ్ల తరువాత వ్యాధి మళ్లీ కనిపిస్తే కొత్త వైద్యునికి దారి చూపేవి అవే. ఇల్లు, పొలం పత్రాలతో సమానంగా దాచవలసిన పత్రాలివి.

8. శస్త్రచికిత్స అనంతర పర్యవేక్షణ:

మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకొకసారి, నాలుగు, ఐదవ ఏళ్లలో ఆరు నుంచి పన్నెండు నెలలకొకసారి, ఆపైన ఏటా ఒకసారి వైద్య పరీక్ష చేయించుకోవాలి. మిగిలిన రొమ్ముకు ఏటా మామోగ్రామ్ అవసరం. లక్షణాలు లేనివారికి తరచుగా స్కానింగులు, రక్తపరీక్షలు చేయడం వల్ల ఆయుష్షు పెరగదని 1994లో వెలువడిన రెండు ఇటలీ అధ్యయనాలు చూపాయి. కనుక అప్పుచేసి ప్రతి ఏటా పెద్ద స్కానింగు చేయించడం అవసరం లేదు. క్రమం తప్పని సాధారణ పరీక్ష అవసరం.

మధ్యలో కింది లక్షణాలు కనిపిస్తే తదుపరి తేదీ దాకా ఆగకూడదు: మచ్చ మీద గాని పక్కన గాని కొత్త గడ్డ, చర్మం మీద ఎర్రని పొక్కులు; చంకలో, మెడ కింద గడ్డ; వారాల తరబడి తగ్గని ఎముక నొప్పి, ముఖ్యంగా రాత్రిపూట వెన్నునొప్పి; విడవని దగ్గు, ఆయాసం; కామెర్లు, కారణం లేకుండా బరువు తగ్గడం; కొత్తగా మొదలైన తీవ్ర తలనొప్పి, మూర్ఛ. కాళ్లలో బలహీనత లేదా మూత్రం మీద అదుపు తప్పడం వెన్నుపాము ఒత్తిడికి సూచన కావచ్చు. ఇది అదే రోజు ఆసుపత్రికి చేరవలసిన అత్యవసర స్థితి. ఆపరేషన్ జరిగిన వైపు చెయ్యి వాయడం ఎక్కువగా శోషరస ప్రసరణ తగ్గడం వల్ల జరుగుతుంది. అయినా కొత్తగా వస్తే చూపించుకోవాలి.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. రొమ్ము క్యాన్సర్ పునరావృతికి మూలం శస్త్రచికిత్స తరువాత మిగిలే వ్యాధిశేషం. దాని బలాన్ని గ్రంథుల స్థితి, కణితి పరిమాణం, శ్రేణి, గ్రాహకాలు, వయస్సు నిర్ణయిస్తాయి. ఆ శేషాన్ని అణచే శక్తి రేడియోథెరపీకి, కీమోథెరపీకి, హార్మోను చికిత్సకు ఉందని దశాబ్దాల పరీక్షలు అంకెలతో సహా చూపాయి. ఆ చికిత్సలు పూర్తికాకుండా మిగిలిపోవడమే మనం తగ్గించగల అతి పెద్ద ప్రమాదం. గండికోట పరిసరాల వంటి ప్రాంతాలలో దీనికి ప్రధాన కారణాలు దూరం, పనిరోజుల నష్టం, ఆపరేషన్‌తో అంతా అయిపోయిందన్న భావన.

మొదటి రెండింటికి పరిష్కారం ప్రభుత్వాల, వైద్యసంస్థల చేతిలో ఉంది. మూడవదానిని మార్చడంలో చదువుకున్నవారికి పాత్ర ఉంది. ఈ పట్టణాల కళాశాలల అధ్యాపకుల ఇళ్లలోను, విద్యార్థుల ఇళ్లలోను ఇటువంటి తల్లులు, అక్కచెల్లెళ్లు ఉంటారు. "ఆపరేషన్ అయ్యిందా?" అన్న ప్రశ్నతో ఆగకుండా "రేడియేషన్ పూర్తయిందా? మాత్ర ఇంకా వాడుతున్నారా? నివేదికలు దాచారా?" అని అడగడం ఒక చిన్న అలవాటు. వ్యాధి తిరిగి వచ్చిన స్త్రీని నిందించకపోవడం మరొక అలవాటు. పునరావృతిని గురించిన శాస్త్రజ్ఞానం తెలుగు ఇళ్లలోకి చేరవలసింది ఈ రెండు అలవాట్ల రూపంలోనే.